ఎడమ సీటు

నాకు లైసెన్సొచ్చి నెల దాటింది.
అయినా అసిరినాయుడు మాస్టారు కబురంపారు,
"ఇంకో పాఠముండిపోనాది, తెల్లారగట్ల రా" అని.

టెక్కలి దాటాక మంచు ఇంకా విడలేదు.
డ్రైవరు తలుపు తియ్యబోతే
"అటు కాదు తల్లీ, ఇటు" అన్నారు.
పద్దెనిమిదేళ్ళుగా తను కూర్చుంటున్న ఎడమ సీట్లో
నన్ను కూర్చోబెట్టి
పాత మారుతి స్టీరింగు తను పట్టుకున్నారు.

"సలాలా ఎల్తన్నావు కదా, అక్కడ తోలీవోడి సీటిదే.
ముందు కళ్ళకి అలవాటు సెయ్యి.
ఇప్పుడు నీ పక్కన మొగలి తుప్పలు కనిపిస్తన్నాయా,
అక్కడైతే ఆ చోట ఎదురొచ్చీ లారీలుంటాయి.
నడిరోడ్డు గీత నీ ఎడం భుజం కాడుండాల.
మలుపు లైటెయ్యబోతే వైపరు ఊగుతాది.
వానుండదు, సినుకుండదు, అద్దం తుడుచుకుంటాది.
నవ్వుకో. సిగ్గుపడి బుర్ర దించీకు.

రద్దీలో నీకేటీ అవదు, ముందోడి ఎనకాల పోతావు.
బయమల్లా కాళీ రోడ్డు కాడ.
పెట్రోలు బంకులోంచి బయటికొత్తావు సూడు,
ఒక్క బండీ ఉండదు,
అప్పుడు సెయ్యి టెక్కలికొచ్చీస్తాది."

కాశీబుగ్గ ఇవతల జీడిపిక్కలారబోసే కళ్ళంలో
కారాపి, జేబులోంచి సుద్దముక్క తీశారు.
సిమెంటు మీద పెద్ద సున్నా, దానికి నాలుగు దార్లు.
"మనం తిరిగీదానికి ఇది ఎదురు తిరగలి.
లోపల తిరుగుతున్నోడిదే దారి.
నీకెంత తొందరున్నా ఆగాల.
తోవ తప్పితే ఇంకో సుట్టు తిరుగు, ఎవులూ తిట్టరు."
పిక్కలు ఎండేసే ఆడవాళ్ళు చీపుర్లు పట్టుకుని
మా ఇద్దర్నీ చూస్తూ నిలబడిపోయారు.
నేను సున్నా చుట్టూ మూడుసార్లు నడిచాను.

అద్దె కారు సంగతి మళ్ళీ ఎక్కాక చెప్పారు.
"తాళం పుచ్చుకోక ముందే సుట్టూ తిరుగు.
సంతలో దూడ పళ్ళు సూసినట్టు సూడు.
గీత గీతకీ ఫొటో తీసీ. స్టెపినీలో గాలుందో నేదో నొక్కు.
పర్మిటు కాయితం, మన లైసెన్సు, రెండూ బేగులో ఉండాల.
ఒంటెకి హారను కొట్టకు. మన గేదె నయం, సిగ్గుంటాది.
వానాకాలం అక్కడ కొండ మీద ఇలాటి మంచే.
పెద్ద లైటెయ్యకు, గోడ కట్టినట్టుంటాది."

కాసేపు మాట్లాడలేదు.
ఆ తర్వాత, రోడ్డుకి చెబుతున్నట్టు,
"ఒకడుండీవోడు. ఆగున్నోడిని ఎనకనుంచి ఎవుడో గుద్దీనాడు.
పోలీసొచ్చి కాయితమిచ్చినాడు. అరబ్బీ.
అందరూ తొందర పెట్టీసరికి ఏలిముద్రేసినాడు.
తప్పు తనదేనని రాసున్నాదట అందులో.
సదవలేని దాని మీద సంతకమెట్టకు తల్లీ.
తెలిసినోళ్ళొచ్చీదాకా రోడ్డు మీదే కూకో.
ఎండలో కూకుంటే సచ్చిపోం."

ఆ ఒక్కడెవరని నేనడగలేదు.
డయాలసిస్ వార్డులో నాలుగేళ్ళు పనిచేశాను,
సూది గుచ్చేటప్పుడు ఊరు పేరు అడుగుతాం గాని
ఇంకేమీ అడగం.
ఆయన బొటనవేలు స్టీరింగు మీద
అరిగిన చోటు వెతుక్కుంటోంది.

మంచులోంచి దూడ.
నా కాలు నాకు తెలియకుండానే
ఆయన బ్రేకు మీద పడింది.
ఆ సీటు కింద ఒకటుందని ఇద్దరం మర్చిపోయాం.
కారు గింజుకుని ఆగి, ఇంజను చచ్చిపోయింది.
దూడ మా వైపు ఓసారి చూసి
తోక ఆడించి తుప్పల్లోకి దిగిపోయింది.

మెచ్చుకుంటారేమో అనుకున్నాను.
తాళం తిప్పుతూ అన్నారు,
"నొక్కడం బాగానే నొక్కినావు గాని
ముందు అద్దం సూడాల కదా.
ఎనకాల ఎవుడున్నాడో."