తాడు లేని రింగు

పీపాలో ఉండేవి అవి,
మేకుల డబ్బాల పక్కన, గొడ్డలి కర్రల వెనక.
బ్యూట్ ఊళ్ళో హాల్వర్సన్ సామాన్ల కొట్టు,
అరవై రెండు చలికాలం.
"ఏరుకో, ఏదైనా పద్నాలుగు డాలర్లే"
అన్నాడాయన, బంగాళాదుంపలు చూపించినట్టు.

మోచేతిదాకా దించాను.
గడ్డకట్టిన గ్రీజు. ఏ ఓడ అడుగునో కరిగి
మళ్ళీ పేరుకున్న వాసన.
పైకొచ్చింది ఒక వెబ్లీ,
నా చేతికన్నా పెద్ద చెయ్యి కోసం పుట్టింది.

అమ్మ పీచ్ పళ్ళు దాచే జాడీలో కిరసనాయిలు పోసి
మూడు రాత్రులు నానబెట్టాను.
అమ్మ ఆ జాడీని మళ్ళీ ముట్టలేదు.
నాలుగో రోజు అంకెలు తేలాయి.
అమెరికా గుళ్ళు పట్టాలని
ఎవరో దాని వెనకభాగం అరగదీశారు,
మా తాత రాగి గనిలో
తన కార్న్‌వాల్ యాసని అరగదీసుకున్నట్టు.
పిడి మీది నల్ల పలక విప్పితే లోపల
మేకుతో గీసిన రెండక్షరాలు: టి. హెచ్.

తర్వాత ఇంకా వచ్చాయి.
బూడిదరంగు విక్టరీ ఒకటి, నున్నటి చెక్క పిడితో.
చాలా ఏళ్ళకి, రష్యావాళ్ళ నాగాంత్.
ఏడు గుళ్ళు, కానీ ట్రిగ్గర్ నొక్కడమంటే
బండరాయిని దొర్లించడమే.
ఐలా అనేది:
"నీ సోల్జర్లకి అన్నం పెట్టక్కర్లేదు, నిజమే,
నా దుప్పట్ల అర మాత్రం వాళ్ళకే కావాలి."

మోసింది మాత్రం వెబ్లీనే.
కరెంటు కంపెనీలో తీగలు చూసే పని,
కొండల్లో రోజుకి పన్నెండు మైళ్ళు.
పిడి అడుగున ఒక రింగు ఉంటుంది.
సిపాయి మెడలోని తాడు దానికి కట్టేవాళ్ళట,
చెయ్యి జారినా తుపాకీ బురదపాలు కాకుండా.
తాడు ఎప్పుడో పోయింది.
రింగు నా బెల్టుకి తగిలి
టిక్కు టిక్కుమంటుంటే
ఎలుగులు ముందే తప్పుకునేవి.
ఇరవై ఆరేళ్ళలో అది నన్ను కాపాడిందంటే
ఆ చప్పుడుతోనే.

పేల్చింది ఒక్కసారి.
తెగిపడిన మా తీగలో
ఎల్క్ దూడ కాళ్ళు చుట్టుకుని,
మంచు చుట్టూ గుండ్రంగా తొక్కి తొక్కి
నల్లమట్టి తేలిన చోట.
తల్లి చెట్లలోంచి చూస్తోంది.
ఆ తర్వాత మిగిలిన అయిదూ తీసి
జేబులో వేసుకున్నాను.
ట్రక్కు దాకా ఆ రింగు మోగకుండా
వేలితో అదిమి పట్టుకుని నడిచాను.
టి. హెచ్. ఎవరో, ఎవరి మీద ఎన్నిసార్లు పేల్చాడో
అంతకు ముందు సరదాగా ఊహించేవాణ్ణి.

ఇంటి కప్పు కారితే మిగతా రెండూ అమ్మేశాను.
మిసూలా సంతలో ఒకాయన
ఫలానా ఫ్యాక్టరీ, ఫలానా ఏడాది అని
గడగడా చెప్పాడు. తల ఊపాను.

ఇప్పుడు కర్ర పట్టుకుని
పోస్టు డబ్బా దాకా పోతే అదే గొప్ప.
నడుము మీద ఏమీ లేదు,
అయినా ఎడమవైపుకే వాలతాను.
మొన్నోసారి పలక విప్పి
ఆ రెండక్షరాల కింద ఖాళీ చూశాను.
బోలెడు చోటు ఉంది.
మేకు కూడా తెచ్చుకున్నాను.

ఐలా పిలిచింది, సూపు చల్లారుతోందని.
మేకు జాడీలో పడేశాను,
అమ్మది, ఆ పీచ్ పళ్ళ జాడీయే.
ఇంకా కిరసనాయిలు వాసనే.