నాలుగో రీలు

ఇంగ్లండు బొమ్మ. డబ్బుల్లేక తీశారని
మొదటి వానలోనే తెలిసిపోతుంది:
బస్సు మీద జడివాన,
వెనక కొండ మాత్రం పొడిగా ఉంటుంది.
వేల్స్‌లో ఎక్కడో ఆగిపోయిన రాత్రి బస్సు,
ఏడుగురు ప్రయాణికులు, పున్నమి.
ఉన్నవి రెండు తోడేలు తొడుగులు.
అటూ ఇటూ పరిగెత్తించి మందని చేశారు.
ఒకదాని వీపున జిప్పు మెరుస్తుంది.

సాలిగ్రామంలో దానికి తెలుగు రాసింది నేను.
పెదవి మూసిన చోట ప, బ, మ పడాలి.
నా వృత్తికి అంతకుమించి వేదం లేదు.
కండక్టరు చచ్చేముందు 'బ్లడీ' అన్నాడు,
నేను 'బాబోయ్' అనిపించాను.
టీ అడిగితే టీయే ఇచ్చాను, నోరు సరిపోయింది.
తోడేలు తెరిచిన నోరు మూయదు,
అక్కడ నాకు పని లేదు.

అక్కడే వచ్చింది చిక్కు.
లండన్ నుంచి దిగిన టేపులో గాలి ఉంది,
తలుపు కిర్రు ఉంది,
ఊళ ఉండాల్సిన చోట
పదకొండు సెకన్ల బూజు.
ఏకాంబరం హెడ్‌ఫోన్ తీసి నా వైపు చూశాడు.

సోఫా వెనక నేల మీద నిద్రపోతున్న
పిచ్చేశ్వరరావుని లేపాం.
ముప్పై ఏళ్ళుగా గుంపులో గొంతు అతను:
'పట్టుకోండ్రా', 'అయ్యగారొస్తున్నారు',
పెళ్ళిలో గుసగుస,
బావిలో పడ్డవాడి ఆఖరి కేక.
ఏ టైటిల్లోనూ పేరు పడలేదు.
'ఎంత పొడుగండీ?' అని మాత్రం అడిగాడు.
హోరు పడకుండా ఏసీ కట్టేశాం.
చొక్కా విప్పి, ఊపిరి పీల్చాడు.

తర్వాత వచ్చినదాన్ని
రాయడం నాకు రాదు.
అరుణాచలం రోడ్డు కుక్కలన్నీ బదులు పలికాయి,
గోడల అట్టలు దాటి మైకులో పడ్డాయి.
ఏకాంబరం తీసెయ్యలేదు.
వేల్స్ కొండల్లో ఇప్పటికీ
మన వీధికుక్కలే మొరుగుతున్నాయి.

ఇచ్చింది నూటయాభై.
వోచరు మీద సంతకం పెట్టి, బస్సుకి చిల్లర అడిగాడు.
బొమ్మ నెల్లూరులో మూడు రోజులాడింది.

మొన్న తనే ఫోన్ చేశాడు:
'గురువుగారూ, మీ బాబోయ్ బతికే ఉంది, రండి.'
వలసరవాక్కంలో ఆ మేడకి ఇప్పుడతను వాచ్‌మన్.
ప్రతి పున్నమికీ పిల్లలు డాబా మీద దుప్పటి కట్టి
ఆ బొమ్మే వేస్తారట,
తెలుగులోనే.
ఇంగ్లీషులో కుక్కలుండవు కదా.

జిప్పు కనిపిస్తే ఈలలు.
కండక్టరుతో పాటు అందరూ 'బాబోయ్'.
నాలుగో రీలు రాగానే బొమ్మ ఆపి
నలభైమంది మెడలెత్తి ఊళ వేశారు,
కింద ఇంటావిడ తమిళంలో తిట్టేదాకా.
బోర్లించిన బక్కెట్ మీద కూర్చుని
నేను నోరు మెదపలేదు.
నీళ్ళ ట్యాంకు పక్కన అతనూ మెదపలేదు.

సుమేధ అనే పిల్ల దమ్ము చాలక దగ్గింది.
'అలా కాదమ్మా,' అన్నాడప్పుడు,
'ముందు పీల్చే ఊపిరి మనిషిది.
వాడికదే ఆఖరుది.
అది వినపడాలి.
ఆ తర్వాతే తోడేలు.'

'మీకెలా తెలుసంకుల్?'

మూత ఎత్తి, చెయ్యి పెట్టి చూసి,
'ట్యాంకు నిండింది' అంటూ
మోటారు కట్టడానికి మెట్లు దిగిపోయాడు.