తేదీ సరిచేయండి

పాత తువాలులో చుట్టి తెచ్చింది సుబ్బరత్తమ్మ,
వేబ్రిడ్జి కాడ కాటా చీటీలు రాసే మనిషి.
"రాత్రి బాగానే ఉండింది నాయనా,
పొద్దున లేవనంటంది."
జొరమొచ్చిన బిడ్డ సంగతి చెప్పినట్టే చెప్పింది.
లారీలు ఆరు లైన్లో ఉన్నాయంట.
చీటీ లేందే ఒక్కటీ కదలదంట.

బటన్ నొక్కా.
చిన్న దీపం వెలిగింది. ఫ్యాను మూలిగింది.
తెర మాత్రం నలుపు,
చీమకుర్తి రాయికి సానపట్టి నీళ్ళు చల్లినంత నలుపు.
అందులో నా మొహం,
నా వెనక గోడకి వేలాడే కీబోర్డులు,
ఒంగోలు రోడ్డు మీద బండని మోసుకుపోతున్న ట్రైలరు.

మొదటి అనుమానం ఛార్జరు మీద.
మీటరు పెట్టా. పంతొమ్మిది వోల్టులు. పాపం, దాని తప్పు లేదు.
బ్యాటరీ ఊడదీసి బటన్ మీద వేలుంచి
ముప్పై దాకా లెక్కపెట్టా.
ఈ ముప్పై అంకెలు నాకిష్టం, ఎవరూ మాట్లాడించరు.
సుబ్బరత్తమ్మ కూడా పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది,
ఇరవై రెండు కాడ నన్ను దాటిపోయింది.
లాభం లేదు.

ఇక విప్పాల్సిందే.
పదకొండు మరలు. పన్నెండోది ఎప్పుడో ఎవరో మింగేశారు.
నా స్క్రూడ్రైవరు పిడి మీద పంటి గాట్లున్నాయి.
నావి కావు.

అడుగు రేకు ఎత్తితే లోపలొక క్వారీ.
ఫ్యాను రెక్కల మీద బూడిదరంగు పొర,
ట్యూబులైటు కింద అక్కడక్కడా తళుక్కుమంటా.
రాయి ఓడెక్కి పోద్ది.
పొడి మాకు మిగుల్తుంది,
పప్పులో, ఊపిరితిత్తుల్లో, ర్యామ్ పళ్ళ సందుల్లో.
బ్లోయర్ కొడితే ఆమె కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది,
ముప్పయ్యేళ్ళుగా పీలుస్తున్నదే అయినా.

ర్యామ్ పీకి
మా పాప రబ్బరుతో దాని పచ్చటి పళ్ళు తోమా.
ఎక్కాల్లో తప్పులు చెరిపి చెరిపి అరిగిన రబ్బరది.
టక్కుమనేదాకా నొక్కి పెట్టి
మళ్ళీ బటన్.
దీపం. ఫ్యాను. నలుపు. నలుపు.
నలుపులో ఒక గీత మిణుకుమంది.

తేదీ సరిచేయండి, అంటన్నాయి తెల్ల అక్షరాలు.
కింద, అది నమ్ముతున్న రోజు:
జనవరి ఒకటి, రెండువేల పదిహేను.

లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటుంటుంది.
కరెంటు పోయినా మూత మూసినా
చీకట్లో కూచుని కాలం లెక్కపెట్టడమే దానికి కూలిపని.
అది చచ్చిపోతే
మిషను వెనక్కిపోయి తన మొదటిరోజు కాడ నిలబడుద్ది.
ఇది పది సెకన్ల పని నాకు.

జనవరి ఒకటి, పదిహేను.
అంటే మస్తానన్న ఇప్పుడే షిఫ్టు దిగుంటాడు,
జాక్‌హామరు వొదిలినా వొణుకు వొదలని చేతుల్తో,
రెండు చేతుల్తో, టీ గ్లాసు పట్టుకోనుంటాడు.
ఈ స్క్రూడ్రైవర్ల సెట్టు ఇంకా కొనలేదు.
ఏప్రిల్లో కొనుక్కొస్తాడు,
పిడి కొరికి చూసి, బంగారం కాదురోయ్ అంటాడు.
ఆ అంచు బండ ఇంకా కొండకి అతుక్కునే ఉంది.
ఆగస్టు దాకా ఉంటది.

"లేచిందా నాయనా?"
లేచిందమ్మా.
"మరేంది అట్టా చూస్తన్నావు?"

ఆపి, కొత్త బిళ్ళ వేసి లేపితే
మళ్ళీ అదే జనవరి.
రోజు మార్చా. నెల మార్చా.
ఏడు మార్చడానికి బాణం గుర్తే దిక్కు, నొక్కుకో ఏడు.
పదహారు. పదిహేడు.
వేలు ఎక్కడా ఆగలేదు, ఆపలేదు.

మూడొందలు. బిళ్ళకి ముప్పై.
"ఆ ముప్పై వొదిలెయ్ నాయనా" అంది.
వొదిలేశా.
తువాల్లో చుట్టుకోని రోడ్డు దాటింది,
కాసేపటికి వేబ్రిడ్జి వైపు ఒక్కో హారనూ ఆగిపోయింది.

పాత బిళ్ళ డ్రాయర్లో వేశా.
ఇట్టాంటివి వందకి పైనే ఉంటాయి అందులో.
పారేయొచ్చు.
డ్రాయరు మూస్తే గలగలమంటాయి.