కంటి అంచున పోగు

కింది రెప్పకూ నల్లగుడ్డుకూ నడుమ
తడి నిలిచే చోట
వెండి పూసిన పోగొకటి పరుస్తాను.
వెంట్రుకకన్నా సన్నం.
అందరూ "మండుతదా?" అని అడుగుతారు.
ఆడెపు ఓదెలు మాత్రం
"ఎన్నో నంబరు నూలమ్మా ఇది?" అన్నాడు.

కొత్తవాడ మనిషి.
నలభై ఏండ్లు షత్రంజీలు నేసిన చేతులు
మోకాళ్ల మీద బోర్లా పెట్టుకుని కూచున్నాడు,
గుంట మగ్గం దిగి నేరుగా వచ్చినట్టు.
కణత మీదొకటి, నుదుటి మీదొకటి బిళ్ల అతికించి
తీగలు డబ్బాకు కలిపాను.
లిఫ్టు ఆపమని వాచ్‌మన్‌కు ఫోన్ చేశాను,
అది కదిలితే చాలు, గీత వణుకుతుంది.
ట్యూబులైటూ ఫ్యానూ బంద్.
వానాకాలమే నయం.
మిర్చి సీజన్‌లో ఏనుమాముల యార్డు నుంచి వచ్చే కండ్లకు
నీళ్లాగవు, పోగు నిలువదు.

తెర మీద నలుపు తెలుపు గడులు.
సెకనుకు నాలుగు సార్లు
నల్లవి తెల్లవై, తెల్లవి నల్లవై.
"నడుమ ఎర్ర చుక్కనే చూడు పెద్దయ్యా,
గడుల దిక్కు చూడకు."
"చూడకుంటె ఎట్లమ్మా, ఇది మా నేతనే గద.
ఈ చెక్క తొక్కితె ఇది, ఆ చెక్క తొక్కితె అది."
చదరంగం గడుల పేరే షత్రంజికి వచ్చిందని
తర్వాతెప్పుడో ఎవరో చెప్పారు నాకు.
అప్పుడు చూసింది పాదాలనే:
కుర్చీ కింద చీకట్లో
తెరతోబాటు ఒకటి మార్చి ఒకటి లేస్తున్నాయి.
పాదం కదిలినా గీత చెడుతుంది.
కొంచెంసేపు ఏమీ అనలేదు.
తర్వాత అన్నాను. ఆపాడు.

గడి మారిన ప్రతిసారీ
కంటి వెనక పొర జవాబు చెప్తుంది.
ఎంతని? వోల్టులో పదిలక్షల వంతులు నాలుగో, అయిదో.
టార్చిలైటు బ్యాటరీ దాని పక్కన పిడుగు.
ఒక్క జవాబును పట్టుకుందామంటే దొరకదు,
దవడ బిగింపులో, గోడలోని కరెంటు ఝుంకారంలో
మునిగిపోయి ఉంటుంది.
అందుకే రెండు వందల సార్లు అడుగుతాను.
అన్నిటినీ ఒకదాని మీదొకటి పేరుస్తుంది డబ్బా.
అటు వణికినవీ ఇటు వణికినవీ కొట్టుకుపోతాయి.
ప్రతిసారీ ఒకే చోట లేచిందే
మిగుల్తుంది.
రెప్ప పడ్డ ముక్కను లెక్కలోంచి తీసేస్తుంది.
ఓదెలు రెప్ప వేసింది పదకొండు సార్లే.
పోగు తెగేది రెప్ప వేసినప్పుడేనట.

కుడికంటి గీత:
యాభై మిల్లీసెకన్ల దగ్గర చిన్న దిబ్బ,
దాని వెనక లోతుగా వాగు.
ఎడమకంటిది:
దిబ్బ ఉంది. వాగు పూడిపోయింది.
మళ్లీ తీశాను. పోగు జరిపి మళ్లీ.
లిఫ్టు ఆగే ఉందా అని బయటికెళ్లి చూసొచ్చాను.
పూడిన వాగు పూడినట్టే ఉంది.

"ఎడమ కంటితో గడులన్నీ కనబడ్డయా?"
"అన్ని. ఒక్కటి తప్పలే."
అబద్ధం కాదు.
తెగినచోటికి ఇరుగుపొరుగు రంగు తెచ్చి
మెదడు రఫు చేస్తుంది,
చేసినట్టు చెప్పదు.

రిపోర్టు డాక్టరు చెప్పాలి, నేను చెప్పకూడదు.
కానీ ఆయన నా మొహం చూడలేదు,
రెండు గీతలూ చూశాడు.
"పడుగుల పోగులు తెగినయా?"
తలూపాను.
"ఎన్ని?"
అది ఈ మెషిన్ చెప్పదు.
"ముడి వడుతదా?"
"పడదు పెద్దయ్యా. ఉన్నవి తెగకుండ చుక్కల మందిస్తరు.
రోజూ వెయ్యాలె. మరువొద్దు."
వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నాడు,
చివరిదాకా వేయలేదు.

పోగు తీసి ఎర్ర బుట్టలో వెయ్యబోతే
చెయ్యి చాపాడు.
ఇవ్వకూడదు. ఇచ్చాను.
బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నలిపి
ఏ దిక్కు పేనారో చూసి, వెలుతురుకు పట్టి,
"మా మగ్గం మీద ఒక్క దెబ్బకు నిలువదు ఇది.
గింత సన్నది
గంత లోపలి నుంచి మాట తెచ్చెనా" అన్నాడు.
తనే బుట్టలో వేశాడు.

కింద నుంచి వాచ్‌మన్ కేక,
లిఫ్టు ఇడువాల్నా అని.
ఇంకో ఇద్దరున్నరు, ఆగమన్నాను.
ఓదెలు మెట్ల మీదుగా దిగిపోయాడు.
కొత్త పోగు కవరు చింపాను.