గాలి కబుర్లు

నా బట్టల తీగ ఒక కొస వంటింటి కిటికీ మేకుకి,
రెండో కొస అబ్డోన్ మన్సియా ఏరియల్ స్తంభానికి.
పన్నెండేళ్ళ కిందటి ఒప్పందం ఇది.
ఆయన మైకు నొక్కితే నా టీవీలో
సీరియల్ పెళ్ళికూతుళ్ళ ముఖాలు చారలు చారలవుతాయి,
అందుకు పరిహారంగా
నా దుప్పట్లు ఆయన స్తంభాన్ని పట్టుకుని ఆరుతాయి.
చిలోయే దీవిలో ఆరడమంటే
రెండు వానల మధ్య కాస్త తక్కువ తడవడం.

పగలంతా కుట్టుమిషన్లు బాగుచేస్తాడు,
పడవల ఇంజన్లు, ఒకసారి చర్చి గడియారం.
వేళ్ళ నిండా సీసం కాలిన మచ్చలు.
పొద్దున ఏడింటికి మాత్రం
బిషపు వచ్చి తట్టినా తలుపు తీయడు.
కట్టెలపొయ్యి మీద కెటిల్ సణుగుతుంటే
దీవుల్ని పేరుపేరునా పిలుస్తాడు,
బడిలో హాజరు వేసినట్టు.
అపియావ్.
అలావ్.
చెలీన్.
ఒక్కో పేరు తర్వాత ఆగుతాడు.
ఆ ఆగడం కూడా నాకు చెక్కగోడలోంచి వినిపిస్తుంది.

"ఉన్నాను" అంటుంది అపియావ్.
"దుంపలకి తెగులు" అంటుంది అలావ్.
చెలీన్‌లో ముసలి రోసెందో ఒట్టినే దగ్గుతాడు.

ఇంతకీ జీతమా? చిల్లిగవ్వ లేదు.
గాలికి పోయే కంపని ఒంటికి తగిలించుకోవడం అంటే ఇదే
అని దడి మీంచి అంటూనే వచ్చాను.
"కంప కాదు దోన్యా ఎడూవిహెస్, యాంటెన్నా"
అంటాడు, నవ్వకుండా.

జనవరిలో పడవ పందేలప్పుడు
బండరాయి మీద ఆరుగంటలు కూర్చుని
"ఏడో నంబరు మలుపు దాటింది" అని చెప్పి
ముక్కు మీద తోలు ఊడి ఇంటికొస్తాడు.
సునామీ అభ్యాసం రోజు
పిల్లలంతా ఇకిలిస్తూ కొండెక్కుతుంటే
ప్రతి వాక్యానికీ ముందొకసారి వెనకొకసారి
"ఇది అభ్యాసం" అంటాడు,
ఎక్కడ నిజమని సముద్రం వింటుందోనన్నట్టు.
గురువారాలు ఇద్దరమ్మాయిలకి, ఒక పిల్లాడికి
చెంచాతో కప్పు మీద మోర్స్ నేర్పుతాడు.
పిల్లాడు వచ్చేది దుంపరొట్టె కోసం.
అది అందరికీ తెలుసు, ఆయనకి కూడా.

గాలి కబుర్లు అనేదాన్ని వీటన్నిటినీ.

మొన్న జూన్‌లో ఉత్తరపు గాలి లేచింది.
కరెంటు పోయింది, ఫోన్ టవర్ పడింది,
పడవలు నాలుగు రోజులు లంగరు తీయలేదు.
స్తంభం వంగింది గాని విరగలేదు.
నా తీగే ఆపిందని నా వాదన,
ఆయన ఒప్పుకోడు.
రెండో రోజు వచ్చి నా వ్యాను బ్యాటరీ అడిగాడు.
ఇచ్చాను, టీవీ ఎలాగూ చచ్చింది కదా.
బ్యాటరీ వెంట నేనూ వెళ్ళాను.

పెన్సిల్ చేతికిచ్చి రాయమన్నాడు.
ఎన్నింటికి, ఎవరి నుంచి, ఎవరికి, ఎన్ని మాటలు.
మాటలు లెక్కపెట్టడం నా జన్మలో అదే మొదలు.

అలావ్ నుంచి ఆసుపత్రికి:
ఇన్సులిన్ రెండు రోజులకే ఉంది. నాలుగు మాటలు.
అపియావ్ నుంచి తీర రక్షణకి:
బడి పైకప్పు లేచిపోయింది, లోపల ఎవరూ లేరు. ఆరు.
అపియావ్ నుంచి నాకు, మా చెల్లెలు ఫిలొమేనా:
గొర్రెలు బాగున్నాయి, ఈస్ట్ అయిపోయింది. నాలుగు.
మనుషుల సంగతి రాయలేదు.
గొర్రెల్ని లెక్కపెట్టగలిగితే బాగున్నట్టే.

చెలీన్ నుంచి ఏమీ లేదు.
మూడో రోజు పొద్దున పిలిచాడు, ఆగాడు.
మళ్ళీ పిలిచాడు.
రేడియోలో పెనం మీద నూనెలా చిటపట.
ఇరవై ఏళ్ళుగా దుంపల్నీ తెగుళ్ళనీ ఎందుకు వింటున్నాడో
ఆ చిటపటలో కూర్చుంటే తప్ప తెలీదు.
రోజూ వినే గొంతు గనకే
వినపడని రోజు వినిపిస్తుంది.

ఐదోసారికి,
ఎక్కడో అడుగున,
దగ్గు.

గడి ముందు పెన్సిల్ ఆగిపోయింది.
మాటలు: సున్నా, అని రాశాను.
అబ్డోన్ వంగి చూశాడు,
రబ్బరుతో చెరిపి
ఒకటి అని దిద్దాడు.

కరెంటొచ్చింది. చారలొచ్చాయి.
సీరియల్లో ఎవరు ఎవర్ని చేసుకున్నారో నాకిక తెలీదు.
బ్యాటరీ ఇంకా ఆయన దగ్గరే ఉంది.
అడగాలి.
ఏడు దాటాక వెళ్ళి అడగాలి.