మూడో చేతి పుస్తకం

ఆ పుస్తకం మా ఇంటికొచ్చేనాటికే
అట్ట లోపల రెండు పేర్లు కొట్టేసి ఉన్నాయి.
చర్చి నేలమాళిగలో, మే నెల ఆఖరి శనివారం,
మడత బల్లల మీద పాత పాఠ్యపుస్తకాల సంత.
రెండు డాలర్లంటే అమ్మ ఒకటిన్నరకి తెగ్గొట్టింది.
అట్ట మీద డైనోసార్, పక్కనే గొర్రెపిల్ల,
రెండూ ఒకే గడ్డి మేస్తున్నాయి.
నాకు తొమ్మిదేళ్లు.
గొర్రెపిల్ల బెదరకపోవడం నచ్చింది.

ఒహాయోలో మా బడి మా వంటగదే.
బడిగంట అంటే ఓవెన్ గంట.
ఏసా అన్నకి బీజగణితం, కెజయా అక్కకి వ్యాకరణం,
నాకు సైన్సు. చంటాడు బల్ల కింద కూర్చుని
చెక్క ఓడలోకి ఏనుగుల్ని ఎక్కించేవాడు, దించేవాడు,
ఒక ఏనుగు ఎప్పుడూ మిగిలిపోయేది.
అమ్మ రొట్టెపిండి పిసుకుతూనే పాఠం చెప్పేది.
తిప్పిన ప్రతి పేజీకీ పిండి వేలిముద్ర.
ఆరు రోజులు. ఆరు వేల ఏళ్లు.
ఒకే ఒక్క వాన
కొండల్ని కడిగి, కరిగించి,
మళ్లీ అట్టు మీద అట్టులా పేర్చి వెళ్లిపోయిందట.
పాఠం చివర ఖాళీలు పూరించండి.
ఆ గీతలన్నీ ఒకే కొలత,
సరైన మాట పట్టేంత,
ఇంకో మాట దూరనంత.

నూట పన్నెండో పేజీ అంచున
ఎవరో పెన్సిల్‌తో రాసి, చెరిపి,
చెరిపినా పోని అక్షరాలు.
కిటికీ వెలుగులో కాగితం వంచితే తేలేవి:
నీళ్లలో బతికే పురుగు
నీళ్లెక్కువై ఎలా చచ్చిపోయింది?
కొక్కిరాయి రాత. నా ఈడే అయ్యుంటుంది.
కొట్టేసిన పేర్లలో ఒకటి ఓరిన్ యోస్ట్,
రెండోది లెటీషా ఏదో.
అడిగింది లెటీషాయే అని నేను తీర్మానించుకున్నాను.

మా మొక్కజొన్న చేను వెనక వాగులో
రాయి పగిలితే సముద్రం బయటపడేది.
గవ్వలు, దువ్వెన పళ్ల గీతలు,
ఒకసారి, చుట్టలు చుట్టుకుని
మునగదీసుకు పడుకున్న పురుగు,
గోరంత, కానీ కళ్లున్నాయి.
తెచ్చి పిండి బల్ల మీద పెట్టాను.
అమ్మ చేతులు తుడుచుకుంది, కళ్లజోడు పెట్టుకుంది,
చాలాసేపు చూసింది.
"బురద ఒక్కసారిగా కప్పేసి ఉంటుంది"
అంది, పుస్తకం గొంతుతో.
కాసేపయ్యాక సొంత గొంతుతో,
"పాపం, ఎలా ముడుచుకుందో చూడు" అంది.
తాతయ్య బోర్లు వేసేవాడట,
పైకొచ్చిన మట్టి రంగు చూసి
ఎన్ని అడుగుల్లో నీళ్లో చెప్పేవాడట.
ఎన్నేళ్ల మట్టో ఆయన్నెవరూ అడగలేదట.
ఆ పురుగు సింకు పైన, సబ్బు సీసా పక్కన
అలాగే ఉండిపోయింది.
గిన్నెలు తోమేటప్పుడు అమ్మ దాన్ని
తడవకుండా పక్కకి జరిపేది.
అది నవ్వే విషయమని నాకు తట్టడానికి
పదేళ్లు పట్టింది.

పదమూడో ఏట, మళ్లీ మే నెల వచ్చింది.
అమ్మ రబ్బరు ముక్క చేతికిచ్చి,
"శుభ్రం చెయ్యి, ఇంకొకళ్లు చదువుకోవాలి" అంది.
నా జవాబులన్నీ చెరిపాను, తప్పులూ ఒప్పులూ.
నా పేరు తిర్జా, అదీ కొట్టేశాను.
నూట పన్నెండో పేజీ దగ్గర
రబ్బరు కింద పెట్టి పెన్సిల్ తీసుకున్నాను.
లెటీషా గీతల మీదే మళ్లీ దిద్దాను,
ఒత్తి, ప్రశ్నార్థకం చుక్కతో సహా.

సంతలో అమ్మ పేజీలు తిరగేస్తూ ఆగింది.
నా చెవులు కాలిపోయాయి.
ఏమీ అనలేదు. ధర చీటీ మీద డాలరు కొట్టేసి
అర డాలరు వేసి, కింద రాసింది:
ఒకచోట రాత ఉంది.

కొన్నావిడ చీటీ చదివి, ఫరవాలేదంది.
ఆవిడ కూతురు అప్పటికే మెట్లెక్కి,
ఎండలో నిలబడి
గొర్రెపిల్లకేసే చూస్తోంది.