రంగు చెప్పని వేడి

లెన్నె నది ఒడ్డున మా షెడ్డు.
నవంబరు. రాత్రి షిఫ్టు.
ప్రెస్సు దిగినప్పుడల్లా
క్యాంటీనులో చెంచాలు కప్పుల్లో వణుకుతాయి.

ఎవాల్డ్ ముప్పై ఒక్క ఏళ్లు ఉక్కుతో కాపురం చేశాడు.
ఉక్కు కడుపులో ఏదీ దాచుకోదంటాడు:
చెర్రీ రంగయితే ఇంకా ఆగాలి,
నారింజకి తిరిగితే కొట్టాలి,
ఎండుగడ్డి పసుపు కనబడిందా, చేయిదాటినట్టే.
కంటితో వేడి కొలిచిన మనిషి.

తర్వాత అల్యూమినియం వచ్చింది.
ఐదు వందల డిగ్రీల దగ్గరా
అదే వెండి మొహం,
అప్పుడే కడిగి బోర్లించిన గిన్నెలా.
మొదటి వారమే నమ్మి ముట్టుకున్నాడు.
కుడి బొటనవేలి కొస
ఇప్పటికీ నున్నగా మెరుస్తుంది, గీతలు లేకుండా.
ఫోను ఆ వేలిని గుర్తుపట్టదు.

నేను పనిలో చేరిన రోజు
అన్నిటికన్నా ముందు ఆ వేలే చూపించాడు.
"నుర్హాన్, ఇది అబద్ధమాడదు.
అడగందే చెప్పదు, అంతే."

అడగడమెలాగో కూడా నేర్పాడు.
తెర మీద ఎర్ర అంకెలు వెలుగుతూనే ఉంటాయి,
అయినా జేబులోంచి దేవదారు పుల్ల తీసి
కడ్డీ మీద గీస్తాడు.
నల్లటి చార పడితే తలూపుతాడు.
మేనేజరు క్లాసెన్ గారు చూసీ చూడనట్టు వెళ్లిపోతుంది.

రోబో చేయి కడ్డీని తెచ్చి అచ్చులో పడుకోబెడుతుంది.
గ్రాఫైటు జల్లు. పొగ.
ప్రెస్సు దిగుతుంది.
లోహం పక్కలకి పొర్లి మూలమూలకీ పాకి
అట్టు అంచులా పలచగా బయటికొస్తుంది.
ఆ అంచు కత్తిరిస్తే మిగిలేది
మూడు కొమ్మల చేయి.
కారు ఒంటికీ చక్రానికీ మధ్య పట్టుకుని ఉండేది ఇదే.

ఉక్కుదైతే నాలుగు కిలోలు. ఇది రెండుకి కాస్త తక్కువ.
మొదటిసారి బరువనుకుని బలంగా ఎత్తాను,
మోచెయ్యి వెళ్లి గోడకి కొట్టుకుంది.
ఎవాల్డ్ నవ్వలేదు.
"గతుకు మీద ఎగిరిన చక్రం
వెంటనే నేలని వెతుక్కోవాలి. బరువైతే ఆలస్యం."

ఓసారి ఒక ముక్కని నిలువుగా కోసి
క్షారంలో ముంచి నా చేతిలో పెట్టాడు.
లోపలంతా గీతలు, దువ్విన జుట్టులా,
వంపు దగ్గర వంపు తిరిగి, ఎక్కడా తెగకుండా.
పోత పోసినదానికి ఇవి ఉండవట.
"దెబ్బ తిన్నదానికే దారి తెలుస్తుంది" అన్నాడు.
ఆ మాట తనకే నచ్చలేదేమో, ముక్కు చీది
"సామెతలు చెప్పే వయసు కాదులే నాది" అన్నాడు.

నా పని చీకటి గదిలో.
రంగునీళ్లలో ముంచి తీసిన భాగాల మీద
ఊదా దీపం పట్టుకుని పగుళ్లు వెతకడం.
మొన్న మంగళవారం, రెండు దాటాక,
మెడ వంపులో ఒక పచ్చటి వెంట్రుక.
తుడిచాను. మళ్లీ వెలిగింది.
ఎవాల్డ్‌ని పిలిచాను.

కళ్లద్దాలు తీశాడు, పెట్టుకున్నాడు, వంగాడు.
"ఎక్కడ?"
వేలు పెట్టి చూపించాను.
"ఎక్కడమ్మా?"
కొలిమి వెలుగు ముప్పై ఒక్క ఏళ్లు
ఆ కళ్లలో కొంచెం కొంచెంగా పోసిన పాలు
అప్పుడు చూశాను నేను.

బొటనవేలితో తడిమాడు. అది ఏమీ చెప్పలేదు.
ఎడమచేతి గోటితో మెల్లగా గీకాడు.
గోరు ఒకచోట ఆగింది.
వెనక్కి తీసి మళ్లీ గీకాడు. మళ్లీ అక్కడే.
"మడత పడింది. అచ్చు అరిగింది.
సాయంత్రం నుంచి చేసినవన్నీ పక్కన పెట్టు" అని
తనే వెళ్లి ప్రెస్సు ఆపాడు.

ఆ నిశ్శబ్దంలో ఏదో చప్పుడు.
ఏ పైపో కారుతోందనుకుని వెతికాను.
లెన్నె.
రెండేళ్లుగా గోడకి అవతలే ఉంది.